చెడ్డర్ బిలంలో అవ్వ

ఇంగ్లండ్‌లో మేముండే బ్రిస్టల్ నుంచి చెడ్డర్ గార్జ్ అనే కొండలోయకి పెద్ద దూరమేమీ లేదు. అయినా ఎనిమిదేళ్లలో ఒక్కసారీ పోలేదు. ఈ వేసవిలో కోవెలకుంట్ల నుంచి మా అమ్మ వచ్చింది కాబట్టి కదిలాం.

మావాడికి తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఇంట్లో ఇద్దరి మధ్యా దుబాసీని నేనే. ఆరోజు అక్కడి గాఫ్స్ కేవ్ అనే గుహలో చంటిదాన్ని ఎత్తుకుని వెనకబడ్డాను. వాడే అవ్వకి గైడ్ అయ్యాడు.

“అవ్వా, ఇది కేవ్.”

“కేవ్ ఏందిరా, బిలం అను.”

1903లో ఇక్కడ ఒక మనిషి అస్థిపంజరం దొరికింది. చెడ్డర్ మ్యాన్ అంటారు, సుమారు 10,000 ఏళ్ల కిందటివాడు. అసలు ఎముకలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దగ్గరున్నాయి, ఇక్కడ ఉన్నది నకలు. అమ్మ దానికీ దండం పెట్టింది.

చిక్కంతా పుర్రెల దగ్గర వచ్చింది. చెడ్డర్ మ్యాన్ కంటే చాలా ముందు, దాదాపు 14,700 ఏళ్ల కిందట, ఇక్కడ మసలినవాళ్లు మనిషి పుర్రెల్ని జాగ్రత్తగా చెక్కి గిన్నెల్లా చేసుకున్నారు. వాటిలో ఒకటి మూడేళ్ల పసిబిడ్డది. దొరికిన ఎముకల మీద మనుషుల పంటిగాట్లున్నాయి. వాడు కాసేపు తడుముకున్నాడు. “అవ్వా, వాళ్లు... మనుషుల్ని... తిన్నారు.” వాడి నోట నేను విన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం ఇదేనేమో. సంతోషించాలో, చెవులు మూసుకోవాలో!

అమ్మ జడుసుకోలేదు. “కరువొచ్చి ఉంటాది నాయనా. ధాత కరువులో మావాళ్లు ఏం తిన్నారో మా జేజి చెప్పేది.” 1876–78 నాటి ఆ కరువు మా సీమలో ఇంకా కథల్లో ఉంది. నాకు మాత్రం అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

వాడు ఒప్పుకోలేదు. “నో అవ్వా, గుర్రం ఉంది, జింక ఉంది. ఫుడ్ చాలా ఉంది.” నిజమే. ఆ జంతువుల ఎముకలూ ఇదే గుహలో దొరికాయి. అందుకే, ఆకలి ఒక్కటే కారణం కాదనీ, చచ్చిపోయినవాళ్లకి చేసే ఏదో తంతు కావచ్చనీ పరిశోధకుల అభిప్రాయం. “తంతు” అనే మాట దొరక్క వాడు “పూజ” అన్నాడు. అమ్మకి ఇట్టే అర్థమైంది. చంటిపిల్లలు చచ్చిపోతే చేసే కర్మల గురించి ఏదో చెప్పబోయి, చంటిదాని వైపు చూసి ఆపేసింది.

బయటికొచ్చాక వాడు ఫోన్‌లో చెడ్డర్ మ్యాన్ ముఖం చూపించాడు. డీఎన్‌ఏని బట్టి 2018లో తయారుచేసిన రూపం అది. నల్లటి ఒళ్లు, లేతరంగు కళ్లు. “మీ తాత రంగే,” అంది అమ్మ. “కండ్లే పిల్లి కండ్లు.”

దారిలో మా బేలం గుహల సంగతి ఎత్తింది. ఆ బిలం పేరే ఊరికొచ్చిందట. వాడికి ఇది తెగ నచ్చింది. వెనక సీట్లో “బిలం, బేలం” అంటూ ఇల్లొచ్చేదాకా మా చెవులు తినేశాడు.