యంత్రం ముందు, చట్టం తర్వాత: మూడో అటెంప్ట్‌లో నా జేఆర్‌ఎఫ్

మొన్న రిజల్ట్ వచ్చింది. యూజీసీ నెట్ పరీక్షలో పొలిటికల్ సైన్స్, జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్). స్కోర్‌కార్డు నాలుగైదు సార్లు తెరిచి చూసుకుంటే గానీ నమ్మకం కుదరలేదు.

అన్ని సబ్జెక్టుల వాళ్లకూ ఉండే పేపర్-1 గురించి పెద్దగా చెప్పను. పాత ప్రశ్నలు చేయండి, అంతే. నాకు దెబ్బ పడింది సబ్జెక్టు పేపర్ అయిన పేపర్-2లో, అదీ కళ్లు మూసుకుని చేసేస్తా అనుకున్న చోట. నేను ఈసీఈలో బీటెక్ చేసి ఎంఏకి వచ్చినవాణ్ని. ఎంఏలో ప్రాజెక్టు కూడా టెక్నాలజీ, రాజకీయాల మీదే. ఈవీఎం, ఆధార్, ఈ-గవర్నెన్స్ అంటే నా సొంత పొలం అనుకునేవాణ్ని. మొదటి అటెంప్ట్ లెక్కలోకి రాదు, సిలబస్ సగం కూడా కాలేదు.

రెండోది 2024 జూన్ 18. ఓఎంఆర్ నింపి, బాగా రాశానని బస్సెక్కి ఇంటికొచ్చా. మర్నాడు రాత్రి పరీక్ష రద్దు. పేపర్ లీకైందంటూ తిరిగిన స్క్రీన్‌షాట్‌ను మార్చి తయారుచేశారని తర్వాత సీబీఐ తేల్చింది. టెక్నాలజీ, రాజకీయాల మీద పేజీలు పేజీలు రాసినవాణ్ని, ఒక్క స్క్రీన్‌షాట్ దెబ్బకు నలభై రోజులు పుస్తకం ముట్టలేదు. పసుపు పెట్టే రోజులు కదా, పొలానికి పోయానని అందరికీ చెప్పుకున్నా. నిజానికి పొలంలో నా అవసరం వారం రోజులే. మళ్లీ పెట్టిన పరీక్షలో ఒక్క ప్రశ్న తేడాతో జేఆర్‌ఎఫ్ పోయింది.

ఆ తర్వాత టెస్ట్ సిరీస్‌లో ఒక క్రమం ప్రశ్న తప్పు చేశా. ఈవీఎం మొదటి వాడకం, దాని మీద సుప్రీంకోర్టు తీర్పు, ఈవీఎంకు చట్టంలో చోటిచ్చిన 61ఏ సెక్షన్, ఏది ముందు? ముందు చట్టం చేసి ఆ తర్వాతే యంత్రం తెస్తారని నా బుర్ర తీర్మానించేసింది. జరిగింది తలకిందులు. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రం పెట్టారు. చట్టంలో చోటు లేదని 1984లో కోర్టు కొట్టేసింది, రీపోలింగ్ జరిగితే ఫలితమే మారిపోయింది. 61ఏ అమల్లోకి వచ్చింది 1989లో. ఆధార్‌దీ అదే దారి. 2010లో మొదటి నంబర్ ఇచ్చారు, చట్టం 2016లో వచ్చింది, గోప్యత ప్రాథమిక హక్కన్న తీర్పు 2017లో, ఆధార్ తీర్పు 2018లో. ఇలా కూర్చుకున్నాక మళ్లీ తేదీలు బట్టీ పట్టే పని పడలేదు.

న్యూయార్క్ వంతెనల మీద అమెరికన్ పండితుడు లాంగ్డన్ విన్నర్ 1980లో రాసిన వ్యాసం ఎంఏలో అందరం చదివిందే. బస్సుల్లో వచ్చే పేదలు, నల్లజాతివాళ్లు అటు రాకూడదని, బస్సులు పట్టకుండా వంతెనలు కావాలనే కిందికి కట్టారన్న వాదన. దాని మీద తర్వాత వచ్చిన అభ్యంతరాలు కూడా చదవండి. వస్తువు తయారీలోనూ రాజకీయం ఉంటుందన్న ఆ సంగతి నాకు మాత్రం తలకెక్కింది మా ఊరి బడిలో, ఓటేయడానికి పోయినప్పుడు.

మాది నిజామాబాద్ జిల్లా. 2019 ఏప్రిల్‌లో లోక్‌సభకు 185 మంది పోటీ, ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పాత యంత్రానికి 64 పేర్లు దాటితే చేతకాదు. ఇక పేపర్ బ్యాలెట్టే అని ఊళ్లో అందరి నమ్మకం. ఎన్నికల సంఘం ఎక్కువ యూనిట్లు కలపగలిగే కొత్తరకం ఎం-3 యంత్రాలు తెచ్చింది. లోపలికి వెళితే ఎల్ ఆకారంలో 12 బ్యాలెట్ యూనిట్లు పరిచి ఉన్నాయి. ఒక్కోదానికి 16 చొప్పున 192 బటన్లు. నోటాతో కలిపి 186 పోగా ఆరు మిగలాలి. నేను ఓటు మానేసి ఆ లెక్క వేస్తున్నా, వెనక నుంచి ‘బిడ్డా, జల్ది’ అన్నారెవరో. నా ముందు పోయిన ముసలాయన మాత్రం వేలు పెట్టి గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ ఆ చివరిదాకా నడిచాడు.

ఇలాంటిదే అంతకుముందూ జరిగింది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ బాధితుల తరఫున జనం నామినేషన్లు వేస్తే 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెరిగింది. ఎక్కువ మంది పోటీకి దిగితే అక్కడ డిపాజిట్ పెరిగింది, ఇక్కడ యూనిట్లు పెరిగాయి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి మూడు పేజీలు రాసుకున్న రోజే నా ప్రిపరేషన్ మొదలైందని లెక్క.

క్రమశిక్షణ గురించి చెప్పమంటున్నారు. పొద్దున్నే నాలుగింటికి లేవలేదు, ఫోన్ వదల్లేదు. కానీ రోజూ రెండు పేజీలు చేత్తో రాశా, జ్వరమొచ్చినా రాశా. మీరూ రాయండి. వీడియోలు ఎన్ని చూసినా చెయ్యి కదలకపోతే దండగ. ‘బీటెక్ చేసి ఇదేం చదువు’ అన్న చుట్టాలకు నేనిప్పుడు జవాబు చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నా: సర్క్యూట్లు నాకు వచ్చు, అవి ఎవరి పనికొస్తాయో చదవడానికే ఇక్కడికొచ్చా.

అమ్మకు ఫోన్ చేసి నెలకు 37 వేలు ఇస్తారని చెప్పా. సంతోషపడింది. ‘ముందు పీహెచ్‌డీ సీటు రావాలమ్మా, ఇంటర్వ్యూ ఉంటది’ అన్నా. కాసేపు చప్పుడు లేదు. ‘మల్ల పరీక్షనేనా బిడ్డా?’ అంది.