పిల్లల గదికి రంగులు, మంచాలు: నా అనుభవం

పిల్లల గది పని నిన్నటితో పూర్తయింది. రంగు వాసన ఇంకా పోలేదు, రంగుల కొట్టు యజమాని మీద నా కోపమూ పోలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది విజయవాడలో పాత అపార్ట్‌మెంటు. పాపకు 11, బాబుకు 5. ఇద్దరికీ కలిపి ఒకటే గది, 10 అడుగులకు 11, కిటికీ పడమటి వైపు. రంగు విషయంలో ఇంట్లో అందరికీ తలా ఒక అభిప్రాయం. అత్తయ్యకు వాస్తు, బాబుకు క్రికెట్ చొక్కా నీలం. పాపకు మాత్రం గులాబీ కాకుండా ఏదైనా సరే. ఆడపిల్ల గది అనగానే చుట్టాలందరూ గులాబీ అనేసరికి దానికి విసుగొచ్చింది. చివరకు నా మాటే నెగ్గింది: నేల నుంచి 4 అడుగుల ఎత్తు వరకు బూడిద ఛాయ కలిసిన ఆకుపచ్చ, ఆ పైన మీగడ తెలుపు. పిల్లల చేతులూ పెన్సిళ్లూ చేరేది ఆ 4 అడుగుల వరకే. కాబట్టి తుడిస్తే మరకపోయే ఖరీదైన ఎమల్షన్ కింద భాగానికి, చవక రకం పై భాగానికి. ఈ ఆలోచన నాదేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను, ఇక్కడా చెబుతున్నాను.

షేడ్ కార్డులోని వేలెడంత ముక్కను చూసి రంగు నిర్ణయించకండి. చిన్న నమూనా డబ్బా తెచ్చి, పెద్ద అట్టకు రెండు పూతలు వేసి, ఆ అట్టను గదిలో పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద పెట్టి చూడండి. నాకు బాగా నచ్చిన ఒక ఆకుపచ్చ రాత్రి ఎల్‌ఈడీ వెలుగులో ఉత్త బూడిదలా కనిపించింది. లప్పం, గరుకు కాగితం రుద్దడం, ప్రైమర్ అన్నీ సాఫీగా జరిగాయి. దుమ్ముకు ఇల్లంతా తుమ్మాం, అంతే.

ఇక కొట్టు సంగతి. గది చుట్టుకొలత 42 అడుగులు, ఎత్తు 4, తలుపు తీసేస్తే 156 చదరపు అడుగులు. రెండు పూతలకు 312. లీటరు ఒక పూతకు సుమారు 120 చదరపు అడుగులు వస్తుందని కొట్టు యజమానే చెప్పాడు. అంటే రెండున్నర లీటర్ల పైమాటే కదా, మూడు ఇవ్వమన్నాను. "రెండు చాలు మేడమ్, మేము రోజూ చూసే పనే" అని, రంగు కోడ్ కొట్టి మెషీన్‌లో రెండే కలిపిచ్చాడు. రెండో పూత మధ్యలో, సరిగ్గా కిటికీ గోడ దగ్గర, రంగు అయిపోయింది. ఫోను చేస్తే మూడో డబ్బా కలిపి కుర్రాడితో పంపారు.

ఆ గోడ పూర్తిచేసి మేస్త్రీ వెనక్కి జరిగి చూశాడు. "అమ్మా, ఇది ఆ రంగు కాదమ్మా" అన్నాడు. తడి మీద రంగు తేడాగానే ఉంటుంది, ఆరనివ్వండి అన్నాను. తెల్లారేసరికి ఆరింది, తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. మూడు గోడలు ఒక ఆకుపచ్చ, నాలుగోది ఇంకో ఆకుపచ్చ.

ఫోటో తీసుకుని వెళ్లాను. ఫోనులో రంగులు అలాగే కనిపిస్తాయన్నాడు. ఇంటికొచ్చి, ఒకే అట్ట మీద సగం పాత డబ్బా అడుగున మిగిలిన రంగు, సగం కొత్తది వేసి మళ్లీ వెళ్లాను. అట్టను చేతిలోకి కూడా తీసుకోకుండా, గోడలో చెమ్మ ఉండి ఉంటుందన్నాడు. అట్టకు చెమ్మ ఎక్కడిదండీ అన్నాను. అయితే మీ పెయింటరు నీళ్లు ఎక్కువ కలిపాడన్నాడు. చివరకు వెనక గోడ మీది బోర్డు చూపించాడు: మెషీన్‌లో కలిపిన రంగు వెనక్కి తీసుకోబడదు.

అప్పుడు అన్నాడు ఆ మాట. "సార్‌ను ఒకసారి పంపండి మేడమ్, ఆయనకు అర్థమయ్యేలా చెబుతాను. రంగుల విషయంలో ఆడవాళ్లకు ఎంత చేసినా తృప్తి ఉండదు." కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఒకాయనైతే ఆ గోడకు పెద్ద పటం ఒకటి తగిలించేయమని సలహా కూడా ఇచ్చాడు. చెవులు వేడెక్కాయి. ఒక్క క్షణం అట్ట మడిచి సంచీలో పెట్టుకుని వచ్చేద్దామనే అనిపించింది. డబ్బు నాది, కార్డు నాది, లెక్క నాది, బిల్లు మాత్రం అడగకుండానే మావారి పేరున రాశాడు. ఆ సంగతి అప్పుడే గమనించాను.

బిల్లు చేతిలో ఉంది కాబట్టి చదివాను. నేను బ్యాంకులో పనిచేస్తాను. అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుందని చేరిన కొత్తలోనే నేర్పుతారు. బిల్లు మీద రంగు కోడ్ చివర 63. మూడో డబ్బా మూత మీద మెషీన్ అంటించిన చీటీలో చివర 36. తేడా 27. మూత కూడా సంచీలో వేసుకుని వెళ్లడం ఎంత మంచిదైందో! రెండూ పక్కపక్కన గల్లా బల్ల మీద పెట్టి, "సార్ వచ్చినా ఇదే అంకె చదువుతారండీ" అన్నాను. పటం సలహా ఇచ్చినాయన బయట బండి చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

క్షమాపణ చెబుతాడనుకుంటే పొరపాటు. మెషీన్ దగ్గరున్న కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడు. నా మీద పడాల్సిన నవ్వు కాస్తా ఆ అబ్బాయి మీద తిట్లుగా మారడం నాకేమీ బాగనిపించలేదు, ఆ మాట అన్నాను కూడా. కొత్త డబ్బా ఉచితంగా కలిపిచ్చాడు. మేస్త్రీకి వృథా అయిన సగం రోజు కూలి ఎవరిస్తారని అడిగితే, అది మాకు సంబంధం లేదన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు అక్కడే ఫోను తీశాను. ఇంకా నంబరు నొక్కకముందే కూలి డబ్బు గల్లాలోంచి బయటికొచ్చింది. బిల్లు నా పేరున తిరగరాయించుకుని మరీ వచ్చాను.

మేస్త్రీ తర్వాత చెప్పిన కిటుకు ఏమిటంటే, కావలసిన డబ్బాలన్నీ ముందే తెచ్చి ఒకే పెద్ద బకెట్లో కలిపేసుకుంటే, డబ్బాకూ డబ్బాకూ తేడా ఉన్నా గోడ మీద తెలియదు. ఇంత మంచి మాట మొదట్లోనే చెప్పవచ్చు కదా! రంగు డబ్బాల్లో కంపెనీ పెట్టే టోకెన్లు పెయింటర్లకు ఆదాయం, వాటిని వాళ్లకే ఇచ్చేయండి. మూతలు మాత్రం ఇవ్వకండి.

మంచాల విషయంలో ఇంత యుద్ధం లేదు. పిల్లలిద్దరూ అంతస్తుల మంచం కోసం గోల పెట్టారు. మా సీలింగ్ ఫ్యాను కింద అటువంటిది వేస్తే పై మంచం మీద నిలబడిన పిల్లవాడి చెయ్యి రెక్కలకు తగులుతుంది. పైగా ఆరేళ్లలోపు పిల్లలను పై మంచం మీద పడుకోబెట్టవద్దని అంటారు. అందుకని కింద నుంచి సొరుగులా లాగే రెండో మంచం ఉన్న ఏర్పాటు చేయించాను. పై మంచం ఇల్లు ఖాళీ చేసి వెళుతున్నవాళ్ల దగ్గర కొన్న పాత టేకు మంచం. కింది లాగుడు మంచం వడ్రంగి ప్లైవుడ్‌తో చేశాడు. ఆయన నీళ్లను బాగా తట్టుకునే మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 అనే భారత ప్రమాణ ముద్ర ఉన్నది, కావాలని పట్టుబట్టాడు. నీళ్లు తగలని పడకగదికి మామూలు వాడకపు ప్లై, ఐఎస్ 303 చాలు, నేను దాన్నే తెప్పించాను.

ఇంకా చవకగా నీలం రంగు వేసిన పాత ఇనుప మంచం ఒకటి దొరికింది. వద్దన్నాను. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం మిలియన్‌కు 90 భాగాలు మించకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగులో ఎంత సీసం ఉందో కంటికి కనిపించదు, మా బాబేమో మంచం కోళ్లు కొరికే రకం. గీకి కొత్త రంగు వేద్దామన్నా, ఆ గీకిన దుమ్మే అన్నిటికన్నా ప్రమాదం. పాలిష్ మాత్రమే ఉన్న చెక్క సామాను పాతదైనా ధైర్యంగా కొనండి.

చదువుకునే బల్ల ఆన్‌లైన్‌లో చవకగా వస్తుంది, కానీ అది చెక్క పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు. ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు, నీళ్లు పడితే అంచులు ఉబ్బుతాయి. అద్దె ఇళ్లు మారేవాళ్లు దాని జోలికి పోవద్దు. పుస్తకాల అలమర ఏదైనా సరే, గోడకు బ్రాకెట్ వేసి బిగించండి. పిల్లలు సొరుగులు మెట్లుగా చేసుకుని ఎక్కుతారు, అలమర మీద పడుతుంది.

ఇక మిగిలింది పరుపులు. పై మంచానికి ఏదైనా పడుతుంది. లాగుడు మంచానికి మాత్రం 4 అంగుళాల మందం మించితే లోపలికి వెళ్లదు. కొట్లో అందరూ 6 అంగుళాలదే అంటగట్టాలని చూస్తున్నారు. ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ వెళుతున్నాను.