ఐఫ్రేమ్ ఎత్తు: పెరగడం సులువు, తగ్గడమే కష్టం

పేజీలో మరో పేజీని ఐఫ్రేమ్‌గా పెట్టి కొలతలేవీ చెప్పకపోతే, బ్రౌజర్ దానికి 300 పిక్సెళ్ల వెడల్పు, 150 పిక్సెళ్ల ఎత్తు ఇస్తుంది. లోపలి విషయం అంతకంటే పొడవైతే ఫ్రేమ్‌కు సొంత స్క్రోల్‌బార్ వస్తుంది. ఫోన్‌లో ఇది పాఠకుడికి నిజంగా చికాకు: వేలు ఫ్రేమ్ మీద పడితే లోపలి పేజీ, పక్కన పడితే బయటి పేజీ కదులుతాయి.

దీనికి మందు, ఫ్రేమ్ ఎత్తును లోపలి విషయానికి సరిపోయేలా మార్చడమే. రెండు పేజీల ప్రోటోకాల్, డొమైన్, పోర్ట్ ఒకటే అయితే (అంటే రెండూ ఒకే సైటువైతే) బయటి పేజీ నేరుగా లోపలి ఎత్తును కొలవగలదు. లేకపోతే భద్రత కోసం బ్రౌజర్ అందుకు ఒప్పుకోదు కాబట్టి, లోపలి పేజీయే తన ఎత్తును కొలుచుకొని పోస్ట్‌మెసేజ్ (పేజీల మధ్య సందేశాలు పంపే బ్రౌజర్ సౌకర్యం) ద్వారా బయటికి పంపాలి. నేను మొదటి సందర్భంలోనూ ఈ పద్ధతినే వాడతాను. తనలో ఏది ఎప్పుడు మారిందో లోపలి పేజీకే ముందు తెలుస్తుంది. అందుకునే పేజీ మాత్రం ఆ సందేశం ఏ సైటు నుంచి, ఏ ఫ్రేమ్ నుంచి వచ్చిందో తప్పనిసరిగా సరిచూడాలి.

పేజీ లోడైనప్పుడు ఒక్కసారి కొలిస్తే చాలదు. ఫాంట్ ఆలస్యంగా వచ్చినా, ఫోన్ అడ్డంగా తిప్పినా ఎత్తు మారుతుంది. ఎలిమెంట్ల కొలత మారగానే కబురు చెప్పే రీసైజ్ అబ్జర్వర్‌ను, పేజీలో కనిపించే విషయమంతా ఉండే బాడీ ఎలిమెంట్‌కు తగిలిస్తే ఈ మార్పులన్నీ అదే పట్టుకుంటుంది.

అసలు చిక్కు దేన్ని కొలవాలన్న దగ్గర వస్తుంది. చాలామంది పేజీ మొత్తాన్ని చుట్టి ఉండే మూల ఎలిమెంట్ స్క్రోల్‌హైట్ (స్క్రోల్ చేస్తే కనిపించే భాగంతో సహా మొత్తం ఎత్తు) తీసుకుంటారు, కానీ ఆ విలువ ఫ్రేమ్ ప్రస్తుత ఎత్తు కంటే ఎన్నడూ తగ్గదు. 400 పిక్సెళ్ల ప్రశ్నల జాబితాలో ఒక జవాబు తెరిస్తే ఫ్రేమ్ 900కి పెరిగిందనుకోండి. జవాబు మూసేశాక కూడా స్క్రోల్‌హైట్ 900 అనే చెబుతుంది, కింద 500 పిక్సెళ్లు ఖాళీగా మిగిలిపోతాయి. అందుకే బాడీ అసలు ఎత్తునే కొలవాలి. బాడీకి బ్రౌజర్ ఇచ్చే 8 పిక్సెళ్ల మార్జిన్‌ను (చుట్టూ వదిలే ఖాళీని) సున్నా చేసి, దాని డిస్‌ప్లే అనే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) లక్షణాన్ని ఫ్లో-రూట్‌గా పెడితే, లోపలి పేరాల మార్జిన్లు బాడీ దాటిపోకుండా లెక్కలోకి వస్తాయి. వచ్చిన దశాంశాన్ని పై పూర్ణసంఖ్యకు సవరించాలి, లేకపోతే ఒక్క పిక్సెల్ తేడాకే స్క్రోల్‌బార్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఇంత చేసినా లోపలి సీఎస్ఎస్‌లో 100వీహెచ్ (అంటే ఫ్రేమ్ పూర్తి ఎత్తు) ఎత్తున్న పెట్టె, దాని కింద ఒక ఫుటర్ ఉంటే ఫ్రేమ్ ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ఫ్రేమ్ ఎత్తే ఆ పెట్టె ఎత్తు, దానికి ఫుటర్ కలిస్తే మళ్లీ కొత్త ఎత్తు. కొలిచే కోడ్‌తో దీన్ని సరిదిద్దలేము. ఆ సీఎస్ఎస్‌నే మార్చాలి.

హెచ్‌టీఎమ్ఎల్5 ముసాయిదాలో సీమ్‌లెస్ అనే యాట్రిబ్యూట్ (ట్యాగ్‌కు జోడించే అదనపు సూచన) ఈ పనికి ఉండేది, తర్వాత దాన్ని తొలగించారు. అది నిలిచి ఉంటే ఎంతో బాగుండేది.

స్క్రోలింగ్‌ను పూర్తిగా ఆపేయమనే సలహాను మాత్రం నేను సమర్థించను. ఏ కారణం చేతనైనా స్క్రిప్ట్ పనిచేయకపోతే, మిగతా భాగాన్ని చదవడానికి పాఠకుడికి ఆ స్క్రోల్‌బార్ ఒక్కటే దారి.