మూడు నిమిషాల మైకు

మొన్నొక కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. పనీపాటా లేక కాదు. అంతకుముందు రెండుసార్లు వెళ్లినప్పుడు ఒక అనుమానం పుట్టింది, అదేంటో తేల్చుకుందామని. జనం మాట్లాడే టైములో మనిషికి మూడు నిమిషాలని అక్కడి రూలు. కొత్త పార్కు బ్రహ్మాండంగా ఉందని సభ నడిపే చైర్‌గారిని పొగిడినాయన నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు మాట్లాడాడు, ఒక్కరూ గడియారం వంక చూడలేదు. తరవాత లేచినావిడ ఒకే పనికి రెండుసార్లు బిల్లు ఎలా పాసైందని అడుగుతోంది. సరిగ్గా మూడో నిమిషానికి, వాక్యం సగంలో ఉండగా, మైకు కట్ అయింది. మైకు లేకుండానే ఆ వాక్యం పూర్తి చెయ్యబోతే "సభా మర్యాద పాటించండి" అన్నారు.

రూలు మంచిదే. టైము పెట్టకపోతే మొదటి ఇద్దరే మీటింగంతా మింగేస్తారు. కానీ ఆ "సభా మర్యాద" అన్న మాట నన్ను వదల్లేదు. ఆ ఒక్క మాటలో రెండు వేరే సంగతులు కలిపి కట్టేస్తున్నాం అనిపించింది. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, దేని మీద మాట్లాడాలి అన్నది ఒకటి, అది క్రమం. మెత్తగా మాట్లాడారా, కటువుగా మాట్లాడారా అన్నది ఇంకొకటి. మొదటిది లేకపోతే మీటింగే జరగదు. రెండోదాన్ని రూలుగా పెడితే మాత్రం, చైర్‌కి నచ్చని ప్రతివాడూ మర్యాద తెలియనివాడు అయిపోతాడు.

క్రమం లేకపోతే ఏమవుతుందో హెన్రీ రాబర్ట్‌కి బాగా తెలుసు. 1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో, ఒక చర్చి మీటింగ్‌కి ఉన్నపళంగా ఆయన్ని అధ్యక్షత వహించమన్నారు. ఆయన ఆర్మీ ఇంజనీరు, సభ నడపడంలో ఓనమాలు కూడా తెలియవు, కూర్చుని నానా తంటాలూ పడ్డాడు. ఆ అవమానంతో చదవడం మొదలుపెట్టి చివరికి 1876లో సొంతంగా ఒక రూల్సు పుస్తకం అచ్చు వేయించాడు, ఈరోజుకీ ఎన్నో సంఘాలు, కౌన్సిళ్లు దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. (1900 తుఫానుకి గాల్వెస్టన్ ఊరు తుడిచిపెట్టుకుపోయాక అక్కడ సముద్రానికి అడ్డుగోడ ప్లాను వేసిన ముగ్గురు ఇంజనీర్లలో కూడా ఈయన ఉన్నాడు. సముద్రానికి కట్టిన గోడ, సభకి కట్టిన ఈ రూల్సు గోడ, రెండింట్లో ఏది కష్టమైందో ఆయన్నే అడగాలి.)

ఆ రూల్సులో నాకు మొదట్లో నవ్వు తెప్పించినది, సభ్యులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదన్నది. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి చైర్ వైపు తిరిగి "అధ్యక్షా, ఇంతకుముందు మాట్లాడిన సభ్యులు అన్నది సరికాదు" అనాలి. నాటకంలా ఉంటుంది కదా? కానీ ఒకసారి ఇద్దరు కౌన్సిలర్లు ఈ రూలు గాలికొదిలేసి ముఖాముఖి దిగడం చూశాను. "మీరు చెప్పేది" అని మొదలైంది రెండు నిమిషాల్లో "నువ్వెవడివి చెప్పడానికి" దాకా వచ్చేసింది, ఎజెండాలో ఉన్న నీటి పైపు సంగతి మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యలో మూడో మనిషి ఉంటే "మీరు" "నువ్వు"గా మారే వీల్లేదు. చైర్‌ని పట్టుకుని ఎదుటివాణ్ణి తిట్టడానికి కాస్త ఎక్కువ శ్రమ పడాలి, ఆ లోపు కోపం సగం దిగుతుంది.

దీనికి తోడు, తీర్మానాన్ని ఎంతైనా విమర్శించొచ్చు గానీ అది పెట్టినవాడి ఉద్దేశాన్ని శంకించకూడదు. "ఈ టెండరు వల్ల ఖర్చు పెరుగుతుంది" అనొచ్చు, "ఈ టెండరు నీ బావమరిది కోసం" అనకూడదు. బావమరిది నిజంగానే ఉంటే? అప్పుడు దానికి వేరే దారి ఉంది. సొంత లాభం ఉన్న సభ్యుడు ముందే చెప్పి ఆ ఓటింగ్ నుంచి తప్పుకోవాలని చాలాచోట్ల నియమం. అది అమలవుతోందా అని పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తొచ్చు. పాపం ఆ పాయింట్ ఆఫ్ ఆర్డర్‌ని అందరూ "నాకు కోపం వచ్చింది" అని చెప్పడానికి వాడేస్తుంటారు. రూలు తప్పారని చూపించడానికే అది, అవతలివాళ్ల లెక్క తప్పని చెప్పడానికి కాదు.

రూల్సు చదివినంత మాత్రాన సభ నడవదు, అది వేరే సంగతి. ఇంగ్లండ్‌లో హ్యాండ్‌ఫర్త్ అనే చిన్న పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) 2020 డిసెంబర్‌లో జూమ్‌లో పెట్టిన మీటింగ్ వీడియో, 2021 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తిరిగింది. అందరూ అరుపులకి నవ్వుకున్నారు. నాకు మాత్రం అక్కడ ఇరుపక్షాలూ రూల్సు పేరు చెప్పే అరుచుకోవడం వింతగా అనిపించింది. గొడవంతా మీటింగ్‌ని సరిగ్గా పిలిచారా, నడిపే అధికారం ఎవరికుంది అన్న దాని మీదే. నిర్వహణకి వచ్చిన జాకీ వీవర్ ఏకంగా చైర్మన్నే మీటింగ్‌లోంచి బయటికి పంపించేసింది.

ఇక జనం సంగతి. కౌన్సిలర్ చేతిలో ఓటుంది, వచ్చే మీటింగ్‌లోనూ కుర్చీ ఉంటుంది, కాబట్టి అతను ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి అంటే ఒప్పుకుంటాను. మైకు ముందుకొచ్చిన మామూలు మనిషికి ఉన్నది ఆ మూడు నిమిషాలే. అమెరికాలో మసాచుసెట్స్‌లోని సౌత్‌బరో అనే ఊళ్లో, మాట్లాడేవాళ్లు గౌరవంగా, మర్యాదగా ఉండాలని రూలు పెట్టుకున్నారు. 2018లో ఒకావిడ ఊరి బోర్డు మీద విమర్శలు చేస్తుంటే, మీటింగ్ నడుపుతున్నాయన జనం మాట్లాడే టైమే ఆపేస్తానన్నాడు, దాంతో ఆవిడ ఆయన్ని హిట్లర్‌తో పోల్చింది. కేసు ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టుకెళ్లింది. అధికారుల్ని కటువుగా విమర్శించే హక్కు జనానికి ఉంది, మర్యాద పేరుతో దాన్ని అడ్డుకోకూడదని 2023లో కోర్టు ఆ రూలునే కొట్టేసింది. టైము, వంతు, సభకి అంతరాయం కలగకుండా చూడటం లాంటివి పెట్టుకోవచ్చంది. హిట్లర్ పోలిక నాకూ నచ్చలేదు. అయినా కోర్టు చెప్పిందే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే "మర్యాదగా" అన్న మాటకి కొలత ఎవరి దగ్గరా లేదు. నిమిషానికైతే అరవై సెకన్లు, అది పొగిడినవాడికైనా తిట్టినవాడికైనా ఒకటే.

వచ్చే నెల మీటింగ్‌లో మాట్లాడటానికి పేరిచ్చాను. స్టాప్‌వాచ్ లెక్కలు కూడా చదువుదామని. టెన్షన్‌గానే ఉంది. రాసుకున్నది ఇంట్లో గట్టిగా చదివి చూస్తే నాలుగు నిమిషాల పది సెకన్లు వచ్చింది, కూర్చుని ఒక్కో వాక్యం కొట్టేస్తున్నాను. ముందు పోయింది చైర్‌గారి గురించి కాస్త ఘాటుగా రాసుకున్న వాక్యమే, మర్యాద కోసం కాదు, అదొక్కటే పదిహేను సెకన్లు తినేస్తోంది.