బలహీనమైన కంట్రోలే అసలు కాపలా

మన దేశంలో సేకరించిన ప్రతి రక్తపు యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. నల్గొండ జిల్లాలో నేను పనిచేసే బ్లడ్ బ్యాంకులో మొదటి మూడింటికీ ఎలీసా (రక్తంలో వైరస్ ఆనవాళ్లుంటే వచ్చే రంగును యంత్రం అంకెగా చదివే పరీక్ష) చేస్తాం. ప్రతి రన్‌లోనూ (ఒక విడత పరీక్షలో) కిట్టుతో వచ్చిన కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన నమూనాలు) హద్దుల్లో ఉంటే ఫలితాలు చెల్లుతాయి. అయితే కిట్టులోని పాజిటివ్ కంట్రోల్ సాధారణంగా చాలా బలంగా ఉంటుంది. రీడింగ్ సగానికి పడిపోయినా అది పాజిటివ్‌గానే నిలుస్తుంది. మన చేయి దాటిపోయేది కటాఫ్‌ను (పాజిటివ్‌గా లెక్కించే కనీస రీడింగును) అంచున దాటే నమూనా.

అందుకే కటాఫ్‌కు కొద్దిగా పైన వచ్చే బలహీనమైన పాజిటివ్ సీరమ్‌ను చిన్న గొట్టాల్లో పోసి గడ్డకట్టించి దాచుకుని, రన్‌కు ఒకటి చొప్పున కరిగించి వాడుతూ, దాని రీడింగును కటాఫ్‌తో భాగించి చార్టులో చుక్క పెట్టాలి. కర్మాగారాల కోసం అమెరికా ఇంజనీరు షూహార్ట్ 1924లో గీసిన ఈ పటాన్ని 1950లో లీవీ, జెన్నింగ్స్ అనే పరిశోధకులు ప్రయోగశాలలకు తెచ్చారు. అంతా సవ్యంగా ఉన్నా, సుమారు 22 చుక్కల్లో ఒక చుక్క, సగటుకు రెండు ప్రామాణిక విచలనాల (రీడింగులు సగటు చుట్టూ మామూలుగా చెదిరే మేరకు రెండింతల) దూరంలో ఉన్న గీత దాటుతుంది, కనుక దానికే రన్‌ను పారేయడం దండగ. కానీ వరుసగా పది చుక్కలు సగటుకు దిగువనే పడటం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 1024లో ఒకటి మాత్రమే. ఒక్కో చుక్కా హద్దులోనే ఉన్నా, ఆ వరుసను చూసీ ఊరుకోకూడదు.

చిన్న బ్లడ్ బ్యాంకుల అసలు ఇబ్బంది వేరే ఉంది. హద్దులు లెక్కించడానికి కనీసం 20 రీడింగులు కావాలంటారు; మిర్యాలగూడ, దేవరకొండ వైపు క్యాంపులు జరిగితేనే ప్లేట్లు (నమూనాలు పోసే గుంటల పళ్లేలు) నిండే మా బోటి చోట ఆ 20 పూర్తయ్యేలోపే కిట్టు లాట్ (ఒకే విడతలో తయారైన కిట్ల గుంపు) మారిపోతుంది, లాట్ మారగానే చుక్కలన్నీ ఒక్కసారిగా పైకో కిందికో జరుగుతాయి. ఒకే లాట్‌తో కట్టిన ఇరుకు హద్దులు అప్పుడు ప్రతిదాన్నీ తప్పంటాయి. కాబట్టి కొత్త లాట్‌ను పాతదానితో పక్కపక్కనే నడిపి చూసుకుని, హద్దులను అనేక లాట్ల రీడింగులను కలిపి వేసుకోవడమే నయమని నా అభిప్రాయం.

ఇంకొకటి, పైకీ కిందికీ ఒకే నియమం పెట్టడం నాకు సమ్మతం కాదు. ప్లేటును కడిగే యంత్రం (వాషర్) సూదులు పూడుకుని కడగడం సరిగా జరగకపోతే రీడింగులు పెరిగి కొన్ని మంచి యూనిట్లు పాడవుతాయి, ఒక దాత అనవసరంగా కలవరపడతాడు, అదీ నష్టమే. కానీ కిట్టు 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవక బలం తగ్గితే (మా ఎండాకాలంలో కరెంటు పోయిన పూట ఫ్రిజ్ లాగ్‌బుక్ చూడందే నేను ప్లేటు తీయను) రీడింగులు కిందికి జారి, సోకిన రక్తం రోగికి ఎక్కుతుంది. కింది వైపు మూడు నాలుగు చుక్కలకే ఆగి వెతకాలి.

వైరస్ సోకినా పరీక్షకు ఇంకా దొరకని విండో పీరియడ్‌ను మాత్రం ఏ చార్టూ చూపదు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష ఆ వ్యవధిని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. అక్కడ పనికొచ్చేది, సూది గుచ్చకముందు దాతను పక్కకు తీసుకెళ్లి ఓపికగా అడిగే ప్రశ్నలే.