మోకాలి కుట్ల దగ్గర తెల్లనీరు

తిరుచానూరు రోడ్డులో ఇసుక మీద స్కూటీ జారి పడ్డాను. చూడటానికి మోకాలు వాచిందంతే, చర్మం కూడా చిట్లలేదు. సీటీ స్కాన్ తీశాక తెలిసింది, మోకాలి కింది పెద్ద ఎముక పైభాగం, అంటే కీలు ఆనుకునే చదునైన చోటు, లోపలికి కుంగిపోయిందని.

"కోతలెందుకమ్మా, పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరిపోతాది గదా" అంది మా మేనత్త. మా వైపు చెయ్యి విరిగినా కాలు విరిగినా ముందు ఆ కట్టు కట్టే పుత్తూరు దగ్గరి రాచపాళెం దారే పడతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి వెదురుబద్దలతో కట్టే ఆ కట్టు మీద నాకూ గౌరవం ఉంది. కానీ లోపలికి కుంగిన కీలును బయటి నుంచి ఏ కట్టూ పైకి లేపలేదు. అత్తకు స్కాన్ ఫిలిం చూపించి, ఆ గుంతను వేలితో చూపించాకే ఒప్పుకుంది.

ఆపరేషన్‌లో కుంగిన భాగాన్ని పైకి లేపితే దాని కింద ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే, బరువు పడగానే మళ్లీ కుంగిపోవచ్చు. పక్క నుంచి ప్లేటూ స్క్రూలూ పట్టుకున్నా, ఆ ఖాళీని దేనితోనైనా నింపాలి. తుంటి దగ్గర నుంచి నా ఎముకే తీసి పెట్టడం అన్నింటికన్నా మేలని సర్జన్ దాచకుండా చెప్పారు. కానీ దానికి ఇంకో కోత, ఇంకో నొప్పి. నాకు షుగర్ కూడా ఉంది. అందుకని కృత్రిమ పదార్థానికే ఒప్పుకున్నాను. కాల్షియం సల్ఫేటులో, అంటే జిప్సంలో, ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ రేణువులు కలిపినది.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. జిప్సాన్ని 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తుందని, దానికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గట్టిపడుతుందని ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను. "విరిగిన కాలికి బయట వేసే కట్టు పిండే కదా సార్ ఇది?" అని అడిగాను. "అదే మేడమ్. లోపల పెట్టేదాన్ని బాగా శుద్ధి చేస్తారు" అన్నారాయన. 1892లోనే డ్రీస్‌మన్ అనే డాక్టరు జర్మనీలో క్షయ తినేసిన ఎముకల గుంతల్ని దీనితో నింపాడని తర్వాత చదివాను. అంత పాత పద్ధతి అని తెలిశాక మనసు కొంచెం కుదుటపడింది.

కుట్లు తీసేటప్పటికి గాయం పొడిగానే ఉంది. ఆ తర్వాత ఒక పొద్దున నైటీ మోకాలి దగ్గర తడిగా అంటుకుని కనబడింది. కోత గీతకు కింది చివర సన్నటి రంధ్రం, అందులోంచి గంజితేటలా పలచటి తెల్లనీరు. వాసన లేదు, చుట్టూ ఎర్రదనం లేదు, చెయ్యి ఆనిస్తే వేడీ లేదు. తుడిచిన గాజుగుడ్డ ఆరాక దాని మీద తెల్లటి పొడి మిగిలింది. వేలితో రుద్దితే గరుగ్గా తగిలింది.

"చీము పట్టేసిందే తల్లీ" అని అత్త ఏడుపు మొదలుపెట్టింది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ మాట ఎంత భయమో చెప్పక్కర్లేదు. మా ఆయన వెంటనే ఆటో పిలిచారు. ఆసుపత్రిలో ఆ నీటిని కల్చర్‌కు, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకు పంపారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ పట్టించే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు చేశారు. రిపోర్టు వచ్చేదాకా మాకెవరికీ అన్నం సయించలేదు. చివరికి బ్యాక్టీరియా ఏమీ పెరగలేదని వచ్చింది.

అప్పుడు డాక్టరు కూర్చోబెట్టి చెప్పిన సంగతి నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే అది నా సబ్జెక్టే. జిప్సం లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది. ఎముక గుంతలోకి వచ్చే ఒంటి ద్రవాలు దాన్ని పై నుంచి కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. కాల్షియం, సల్ఫేటు అయాన్లు ఆ చోట పోగై నీటిని తమ వైపు లాక్కుంటాయి. మోకాలి కింద చర్మానికి, ఎముకకు మధ్య కండ తక్కువ కాబట్టి, పోగైన నీరు కోతలో మెత్తటి చోటు చూసుకుని బయటికి వస్తుంది. ఈ పదార్థం వాడినప్పుడు కొందరికి ఇలా అవుతుందని డాక్టర్లకు ముందే తెలుసు. ఆ మాట నాకూ ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

హైడ్రాక్సీఅపటైట్ కథ వేరు. మన రక్తద్రవంలో కాల్షియం, ఫాస్ఫేటు ముందే ఎంత నిండి ఉంటాయంటే, అందులో అది కరగడానికి దాదాపు చోటే లేదు. పైపెచ్చు దాని మీదే ఎముక ఖనిజం లాంటి పలచటి పొర పేరుకుంటుంది, ఆ పొరను ఎముక కణాలు పట్టుకుంటాయి. దీన్ని గాజుపాత్రలోనే పరీక్షించడానికి జపాన్‌లో కొకుబో అనే శాస్త్రవేత్త రక్తద్రవాన్ని పోలిన ఉప్పునీటి ద్రావణం తయారుచేశాడు. పీహెచ్ 7.4, వేడి 36.5 డిగ్రీలు, లీటరుకు 2.5 మిల్లీమోల్ కాల్షియం. పదార్థాన్ని అందులో ముంచి ఉంచి, పైన పొర కట్టిందా లేదా చూస్తారు. ఇది చదువుతుంటే నా కాలి లోపల జరుగుతున్నది కళ్లకు కట్టింది. సల్ఫేటు కరిగి చోటిస్తుంది, ఆ చోట్లోకి కొత్త ఎముక వస్తుంది, అది నిండేదాకా అపటైట్ రేణువులు కదలకుండా నిలబడతాయి. రెండూ కలిపి పెట్టింది అందుకే.

శుభ్రంగా డ్రెస్సింగ్ చేయిస్తూ ఉంటే నీరు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. ఇంకో భయం ఎక్స్‌రేలో ఎదురైంది. మొదట గట్టిగా కనబడిన తెల్లమచ్చ అంచులు చెరిగి వెలిసిపోయింది. "పెట్టిందంతా కరిగిపోతా ఉండాదే!" అన్నారు మా ఆయన. కరగాల్సిందేనని, మచ్చ చుట్టూ వస్తున్న కొత్త ఎముకను చూడమని డాక్టరు పెన్నుతో చూపించారు. వాకర్, మంచం అంచున కూర్చుని మోకాలు వంచే కసరత్తులు, ఫిజియోథెరపీ అందరికీ ఉండేవే. ఇప్పుడు కాలేజీ మేడమెట్లు ఎక్కుతున్నాను. అలిపిరి 3,550 మెట్లు మాత్రం ఇప్పుడప్పుడే వద్దన్నారు.

ఇలాంటి పదార్థం పెట్టించుకున్నవాళ్లు తెల్లనీరు కనబడితే చీమని గానీ కాదని గానీ ఇంట్లోనే తేల్చుకోవద్దు, ఆ రోజే వెళ్లి కల్చర్ చేయించండి. జ్వరం, దుర్వాసన, ఎర్రదనం, పెరిగే నొప్పి ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. డిశ్చార్జి కాగితంలో లోపల ఏ పదార్థం పెట్టారో పేరుతో సహా రాయించుకోండి. మొన్న వేరే నొప్పికి ఎక్స్‌రే తీస్తే, అక్కడి కుర్ర డాక్టరు ఎముకలో తెల్ల చుక్కలు చూసి కంగారుపడ్డాడు. ఆ కాగితం చూపించాకే, స్కాన్ రాయబోతున్నవాడు పెన్ను పక్కన పెట్టాడు.