4,29,49,67,297: ప్రధానంలా కనిపించే సంఖ్య

రెండును 32వ ఘాతానికి పెంచి ఒకటి కలిపితే 4,29,49,67,297 వస్తుంది. బైనరీలో రాస్తే అటూ ఇటూ ఒకట్లు, మధ్యలో 31 సున్నాలు. 32 బదులు 1, 2, 4, 8, 16 పెడితే ఈ వరుసలో దీనికి ముందున్న 3, 5, 17, 257, 65537 వస్తాయి. అవన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ దీన్ని 641 × 6700417గా విడగొట్టాడు.

641 కోసం రెండు నుంచి మొదలుపెట్టి ఒక్కో ప్రధానంతో భాగిస్తూ పోతే వందకు పైగా భాగహారాలు చేయాలి. అంత అవసరం లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ చూపాడు. ఆ 64ను ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా 1878లో 128కి పెంచాడు. 128తో భాగిస్తే 1 మిగిలేవాటిలో 129, 385, 513 ప్రధానాలు కావు. 257 ఈ వరుసలోదే. వరుసలో ఏ రెండిటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు గనుక అదీ పోయింది. ఇక పరీక్షించాల్సిన మొదటి సంఖ్యే 641!

భాగహారం లేకుండానే సరిచూడొచ్చు. 640 అంటే 5 × 2⁷, కాబట్టి 641తో దాని శేషం −1. నాలుగో ఘాతం తీస్తే 5⁴ × 2²⁸ శేషం 1. కానీ 641 = 625 + 16, అంటే 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, కనుక 2³² + 1 శేషం సున్నా.

6700417 ప్రధానమేనా? దాని వర్గమూలం 2588 దగ్గర. అంతలోపు, 128తో భాగిస్తే 1 మిగిలే ప్రధానాల్లో 257 పోగా మిగిలేవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే.

ప్రోగ్రాం రాసేవాళ్లు రెండుచోట్ల దెబ్బతింటారు. 32 బిట్లలో ఈ సంఖ్య పట్టదు, పై బిట్ రాలిపోయి 1 మిగులుతుంది. రెండోది, ఫెర్మా పరీక్షను (ఆధార సంఖ్యను, పరీక్షించే సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడటం) 2 ఆధారంగా చేస్తే ఇది ప్రధానంలాగే నెగ్గేస్తుంది. ఈ సంఖ్యతో 2³² శేషం −1 కాబట్టి 2⁶⁴ శేషం 1, పరీక్షలో వచ్చే ఘాతం 2³² ఏమో 64కు గుణిజం. ఆధారంగా 3 తీసుకుంటే గుట్టు బయటపడుతుంది.

అన్నిటికన్నా అందమైనది వర్గాల సంగతి. ఇది 65536² + 1², అలాగే 62264² + 20449² కూడా. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయడం కుదరదు, కాబట్టి ఇక్కడే విషయం తేలిపోయింది. కారణాంకమూ ఇందులోనే ఉంది. 65536, 62264ల తేడా 3272. 20449, 1ల తేడా 20448. ఈ రెండిటి గ.సా.భా. 8. మొత్తాలు 127800, 20450, వాటి గ.సా.భా. 50. సగాలు 4, 25. వాటి వర్గాలు కలిపితే 16 + 625, పైన సరిచూసేటప్పుడు వాడిన అదే 641.